ఒడ్డున కెప్టెన్ ఉండడు

కార్తీక వనభోజనాల రోజునే స్కూబా డైవింగ్ కూడా పెట్టుకుందామని మన సంఘం యువజన విభాగం అడిగింది. ఫ్లోరిడాలోని లాడర్‌డేల్ బై ద సీలో పొద్దున్నే ఒడ్డు నుంచి సముద్రంలోకి దిగి, పగడపు దిబ్బ చూసి, పదకొండింటికల్లా పార్కుకొచ్చి పులిహోర తినాలని వాళ్ల ఆలోచన. కార్యవర్గంలో కొందరు 'మనకెందుకొచ్చిన సాహసాలు' అని పెదవి విరిచారు. నా మాట వేరు. డైవింగ్ తప్పకుండా చేద్దాం, వనభోజనాల రోజున మాత్రం వద్దు. ఎందుకు వద్దంటున్నానో ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి.

ముందు చోటు సంగతి. ఫోర్ట్ లాడర్‌డేల్‌కు ఉత్తరాన ఆనుకుని ఉన్న ఆ చిన్న ఊరు, ఒడ్డు నుంచి డైవ్ చేసేవాళ్లలో పేరుమోసింది. డ్రై టోర్టుగాస్ దీవుల నుంచి సెయింట్ లూసీ ఇన్‌లెట్ దాకా సుమారు 350 మైళ్లు సాగే ఫ్లోరిడా పగడపు దిబ్బ అక్కడ తీరానికి బాగా దగ్గరగా వస్తుంది. మొదటి వరుస ఈదుకుంటూ పోగలిగేంత దూరంలోనే ఉంటుంది. లోతు పది, ఇరవై అడుగులు. కాస్త ఉత్తరాన, ఇంకా లోపలికి, 1900లో ఫిలడెల్ఫియా నుంచి హవానాకు బొగ్గు తీసుకుపోతూ దిబ్బకు తగిలి చిక్కుకున్న కోపెన్‌హేగెన్ ఓడ శిథిలం ఉంది. దాన్ని చూడాలంటే పడవ మీద పోవడమే మంచిది. మనం దాని జోలికి పోవడం లేదు.

పడవ మీద పోతే ఖర్చు, ఒడ్డు నుంచి దిగితే చవక, సులువు అని అందరూ అనుకుంటారు. చవకన్నది నిజమే. సులువంటే నేనొప్పుకోను. పడవకు కెప్టెన్ ఉంటాడు. గాలి బాగాలేకపోతే తెల్లారేసరికే ఇవాళ పడవ కదలదని చెప్పేస్తాడు. నీళ్లలోకి దిగేముందు తలలు లెక్కపెడతారు, పైకి వచ్చాక మళ్లీ లెక్కపెడతారు. ఎవరైనా ప్రవాహానికి దూరంగా పోతే పడవే వెళ్లి ఎక్కించుకుంటుంది. ఒడ్డు మీద ఇవేవీ ఉండవు. పార్కింగ్ డబ్బులు కట్టి, ట్యాంకు వీపున వేసుకుని నడిచిపోతుంటే ఎందుకని అడిగేవాడు లేడు. వద్దనే పని కూడా మనమే చేసుకోవాలి. అదీ కొందరు టాంపా నుంచి నాలుగు గంటలు కారు నడుపుకొచ్చిన తర్వాత! 'ఇంత దూరమొచ్చినంక దిగకుండ పోతమా?' అన్న మాట ఎవరో ఒకరి నోట వస్తుంది. నా దృష్టిలో ఆ తీరంలో సొరచేప కంటే ప్రమాదకరమైంది ఈ మాటే.

వనభోజనాలతో ముడిపెట్టొద్దని అనడం అందుకే. పార్కులో షెల్టర్ నెలల ముందే తీసుకుంటాం, వంటవాళ్లకు బయానా ఇస్తాం, పిల్లల పాటల పోటీకి న్యాయనిర్ణేతలను పిలుస్తాం. ఆ తేదీ కదలదు. డైవ్‌కు కావలసింది కదిలించగలిగే తేదీ. పైగా కార్తీకమంటే మనకిక్కడ దాదాపు నవంబరు. అప్పటికి ఉత్తరాది నుంచి చలిగాలుల వరసలు మొదలవుతాయి, వాటి వెనకే రోజుల తరబడి ఈశాన్యపు గాలి, తూర్పు గాలి వీస్తాయి. మన తీరం తూర్పుముఖం. తూర్పు గాలి పట్టిందంటే అలలు నేరుగా ఒడ్డుమీదికే వస్తాయి, అడుగున ఇసుక లేచి చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. పోర్చుగీస్ మాన్ ఓ వార్ అనే నీలిరంగు విషజీవులను ఒడ్డుకు తోసేదీ ఆ గాలే. బీచ్ మీద ఊదారంగు జెండా ఎగురుతోందంటే కుట్టే జీవులున్నాయని అర్థం. ఎర్ర జెండాలు రెండు ఎగురుతుంటే ఎవరూ నీళ్లలోకి దిగకూడదు.

పడమటి గాలి అయితే కథ తిరగబడుతుంది. ఒడ్డు పక్కన అలలు అణుగుతాయి, నీళ్లు తేటపడతాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇలాంటి ప్రశాంతమైన పొద్దులు ఎక్కువగా దొరుకుతాయి. నీళ్లు కూడా వెచ్చగా ఉంటాయి. కాకపోతే వేసవి మధ్యాహ్నాల్లో ఫ్లోరిడా ఉరుములు, మెరుపుల సంగతి మీకు చెప్పనక్కర్లేదు. పొద్దున్నే దిగి పదింటికల్లా బయటికొచ్చేయాలి. జూలై చివరి బుధ, గురువారాల్లో లాబ్‌స్టర్ల మినీ సీజన్ ఉంటుంది. ఆ రెండు రోజులు తీరం నిండా పడవలు, వలలు, హడావిడి. అటువైపు చూడకపోవడమే మంచిది.

ఇదంతా సముద్రపు ఒడ్డున పెరిగినవాడిగా చెప్పడం లేదు. మాది మిర్యాలగూడ దగ్గర వేములపల్లి. సముద్రం మాకు చాలా దూరం. మాకు తెలిసిన నీళ్లు రెండు: బాయి, సాగర్ ఎడమ కాల్వ. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక మా వైపు పొలాలకు వరి, మిర్యాలగూడకు రైసుమిల్లులు ఆ కాల్వ పెట్టిన భిక్షే. లాల్ బహదూర్ కాల్వ అన్నది కాగితాల మీది పేరు. ఊళ్లో ఎవరినడిగినా ఎడమ కాల్వే. మేం ఈత నేర్చింది మాత్రం బాయిలో. నడుముకు బెండు కట్టి పైనుంచి నెట్టేవాళ్లు, మిగతాది మన తిప్పలు. బాయిలో ఆరితేరిన పోరగాళ్లు కూడా కాల్వ దగ్గర తడబడేవాళ్లు. కాల్వలో నీటిమట్టం ఎక్కడో గేటు దగ్గర కూర్చున్నవాళ్ల చేతిలో ఉంటుంది. సిమెంటు వాలు నాచు పట్టి జారుతుంది. దిగడం తేలిక, పారే నీళ్లలోంచి ఎక్కడమే కష్టం. ఎండాకాలం సెలవుల్లో కాల్వలో పోయినవాళ్ల వార్తల్లో 'ఈత వచ్చినా' అన్న మాట చదివే ఉంటారు.

దేశం మారినా ఆ వార్త మనల్ని వదల్లేదు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమెల్ దగ్గర, అదే ఏడాది జూలైలో ఆస్ట్రేలియాలోని మిల్లా మిల్లా జలపాతం దగ్గర ఇద్దరిద్దరు తెలుగు యువకులు నీళ్లలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. అవి డైవింగ్ ప్రమాదాలు కావు, సెలవురోజు సరదాగా వెళ్లిన చోట్లు. అక్కడా కెప్టెన్ లేడు.

బాయి ఈతగాళ్లకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. ఊపిరి బిగబట్టి అడుగుదాకా పోయి గుప్పెడు మన్ను తెచ్చినవాడే మాలో మొనగాడు. స్కూబాలో ఆ విద్యే ప్రాణం తీస్తుంది. బాయిలో మునిగేవాడు ఒడ్డున పీల్చిన గాలితోనే పోతాడు. లోపల ఆ గాలి నలిగి, పైకి వచ్చేసరికి మళ్లీ మొదటి పరిమాణానికి వస్తుంది, అంతకు మించి పెరగదు. ట్యాంకు గాలి అలా కాదు. ఇరవై అడుగుల లోతులో నీటి ఒత్తిడి ఎంత ఉంటే అంత ఒత్తిడితో ఊపిరితిత్తుల్లో నిండుతుంది. దాన్ని బిగబట్టి పైకి లేచామా, ఉబ్బి ఊపిరితిత్తులను చీల్చేస్తుంది. దీనికి పెద్ద లోతు కూడా అక్కర్లేదు, నాలుగడుగుల నీళ్లలోనూ జరగొచ్చు. తడబడినప్పుడు ఒళ్లు చిన్ననాటి అలవాటు వైపే పోతుంది. అందుకే మునగడం బాగా వచ్చునని ధీమాగా ఉన్నవాళ్ల మీదే నాకు ఎక్కువ బెంగ.

గాలి లెక్క ఇంటి దగ్గరే వేసుకోవాలి. మామూలుగా అద్దెకిచ్చే ట్యాంకులో 80 ఘనపుటడుగుల గాలి, 3000 పీఎస్‌ఐ ఒత్తిడితో ఉంటుంది. అందులో మూడోవంతు పోవడానికి, మూడోవంతు రావడానికి, మిగిలింది ఆపదకు, అంటే మన ఆపదకు గానీ జతగాడి ఆపదకు గానీ. కొత్తవాళ్లు నీటిపైన నిమిషానికి ఒక ఘనపుటడుగు చొప్పున పీలుస్తారనుకుంటే, ఇరవై అడుగుల లోతులో అది 1.6 అవుతుంది. వాడుకోగలిగిన 53 ఘనపుటడుగులను 1.6తో భాగిస్తే 33 నిమిషాలు. యూట్యూబ్ వీడియోల్లో గంట గంట సేపు తిరిగేవాళ్లను చూసి మనకూ గంట అనుకోవద్దు. జంటలో ఎవరు ముందుగా 2000 పీఎస్‌ఐకి దిగితే వాళ్ల గేజే ఇద్దరికీ లెక్క. అక్కడ వెనక్కి తిరగాలి. ఇంకో తాబేలు కనిపించినా సరే.

పోయేటప్పుడు ప్రవాహానికి ఎదురు పోవాలి, వచ్చేటప్పుడు అది మనల్ని తీసుకొస్తుంది. కాల్వలో మేం చేసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: ప్రవాహంతో కొట్టుకుపోయి దిగువన మెట్లున్న చోట ఎక్కేవాళ్లం. ఇక్కడ దిగువన మెట్లుండవు. మోకాలిలోతు నీళ్లలోనే ట్యాంకు గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోవాలి, తిరిగి మోకాలిలోతుకు వచ్చేదాకా తీయకూడదు. చాలామంది తడబడేది దిబ్బ దగ్గర కాదు, అల విరిగే ఆ పది అడుగుల్లోనే. ఎర్ర గుడ్డ మీద తెల్లటి ఏటవాలు గీత ఉన్న డైవ్ జెండా లేకుండా దిగడం ఫ్లోరిడా చట్టం ఒప్పుకోదు. బహిరంగ సముద్రంలో ఆ జెండాకు 300 అడుగుల లోపే ఉండాలి. ఆ దూరంలోకి వచ్చే పడవలు వేగం తగ్గించాలని కూడా చట్టమే చెబుతుంది. పడవ నడిపేవాడు ఆ జెండాను చూస్తాడో లేదో చట్టం చెప్పలేదు. కాబట్టి జెండా కిందే పైకి తేలండి.

ఒడ్డున ఒకరు కూర్చోవాలి. ఫోను, కారు తాళాలు, ఎవరెవరు దిగారో రాసిన కాగితం, ఎన్నింటికల్లా రావాలో ఆ టైము ఆ మనిషి దగ్గర ఉండాలి. టైము దాటితే సందేహించకుండా 911కి ఫోన్ చేయాలి. ఈ బాధ్యత డైవింగ్ రానివాళ్లకే ఇవ్వాలని నా సలహా. వచ్చినవాళ్లకు మనసంతా నీళ్లలోనే ఉంటుంది.

ఇంకో రెండు ముక్కలు. నలభై దాటిన మగవాళ్లు మెడికల్ ఫారం నిజాయితీగా నింపండి. బీపీ, షుగరు, స్టెంటు దాచిపెట్టడానికి అది పెళ్లిచూపులు కాదు. డైవింగ్ మరణాల్లో గుండె జబ్బులది పెద్ద వాటా. సోమవారం తెల్లారుజామున క్లయింటు దగ్గరికి విమానమెక్కేవాళ్లు కూడా గుర్తుంచుకోవాలి: ఒక్క డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, వరుస డైవ్‌ల తర్వాత 18 గంటలు విమానం ఎక్కకూడదన్నది నిపుణుల సూచన.

ఇన్ని జాగ్రత్తలు చెప్పి భయపెడుతున్నానా? కాదు. నిజానికి వెళ్లి చూడమనే అంటున్నాను, అదీ త్వరగా. 2023 వేసవిలో ఫ్లోరిడా సముద్రం మండిపోయింది. జూలైలో మానటీ బేలో నీటి వేడి 101 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. కీస్‌లో, డ్రై టోర్టుగాస్‌లో స్టాగ్‌హార్న్, ఎల్క్‌హార్న్ పగడాలు దాదాపు అన్నీ చచ్చిపోయాయి. మన ఆగ్నేయ తీరంలో నీళ్లు కొంచెం చల్లగా ఉండడంతో ఆ నష్టం సుమారు 38 శాతంతో ఆగింది. అంటే మిగిలినవాటిలో చాలా భాగం మన ఇంటి ముందే ఉంది. స్టాగ్‌హార్న్‌కు 2006 నుంచి జాతీయ చట్టరక్షణ ఉంది. చేత్తో ముట్టకండి, ఫిన్ తగలనివ్వకండి, నిలబడాల్సివస్తే ఇసుక మీదే నిలబడండి. అందుకే బరువు, తేలిక సరిచూసుకోవడం కొలనులోనే నేర్చుకుని రావాలి.

కార్యవర్గం చివరికి ఒప్పుకున్నది ఇది. వనభోజనాలు యథాప్రకారం కార్తీకంలోనే జరుగుతాయి. డైవ్‌కు వచ్చే వేసవిలో మూడు శనివారాలు కేటాయిస్తాం. మొదటిది కుదరకపోతే రెండోది, అదీ కుదరకపోతే మూడోది, మూడూ కుదరకపోతే ఆ ఏడాదికి లేనట్టే. వెళ్లాలా వద్దా అన్నది శుక్రవారం రాత్రి గాలి సూచన చూసి ఒక్కరే తేలుస్తారు. ఆ ఒక్కరి మాట మీద చర్చ ఉండదు, అధ్యక్షులవారితో సహా. పేరు ఇవ్వదలచుకున్నవాళ్లు సర్టిఫికెట్‌తో పాటు ఆఖరుసారి ఎప్పుడు డైవ్ చేశారో కూడా రాయండి. రెండేళ్లు దాటినవాళ్లు ముందు కొలనులో రిఫ్రెషర్ చేసి రండి. ఈత రానివాళ్లు ఈ చలికాలమే మీ ఊరి వైఎంసీఏలోనో, సిటీ కొలనులోనో పెద్దల క్లాసులో చేరండి. పిల్లలను మాత్రమే చేర్పించి గట్టున కుర్చీలో కూర్చోకండి.