పిల్లనిచ్చే కాడ కులం, రిజర్వేషన్ కాడ సమానత్వం

మసీదులో సఫ్ కట్టి నిలబడ్డప్పుడు సయ్యద్ గారి భుజానికి దూదేకుల సాయిబు భుజం తగులుతుంది. దీన్నెవరూ కాదనరు. గుడి గడప తొక్కనివ్వని ఈ దేశంలో ఆ ఒక్క వరసే ఎందరినో అటు నడిపించింది. కానీ నమాజు అయిపోయి చెప్పులేసుకున్నాక అదే దూదేకుల సాయిబు "మా వాడికి మీ అమ్మాయినిస్తారా" అని అడిగి చూడమనండి. అప్పుడు బయటికొస్తుంది ఒక మాట. కుఫూ. కితాబుల్లో దాన్నే కఫాఅత్ అంటారు.

దళిత పత్రికకి ఇస్లాం గొడవెందుకని ఎవరైనా అడగొచ్చు. గొడవ ఇస్లాంతో కాదు. ఇస్లాంకి అర్థం చెప్పే కుర్చీలో ఎవరు కూచున్నారన్నదే గొడవ. ఆ కుర్చీ సంగతి మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఖురాన్ 49వ సూరా 13వ ఆయత్ చూడండి. జాతులూ తెగలూ ఒకర్నొకరు గుర్తుపట్టుకోడానికే, దైవభీతి గలవాడే గొప్పవాడు అన్నది అక్కడి మాట. ప్రవక్త తన సొంత మేనత్త కూతురు జైనబ్ ని, ఖురైషు తల్లికి పుట్టిన బిడ్డని, బానిసగా వచ్చి విడుదలైన జైద్ కిచ్చి చేశాడు. ఆ పెళ్లి నిలవలేదని ఎత్తిచూపే పండితులున్నారు. నిలవని పెళ్లిళ్లు సయ్యదులిళ్లలో లేవా?

మరి కులం ఎక్కడ దూరింది? వ్యాఖ్యానంలో. 8వ శతాబ్దపు కూఫా పట్నంలో ఒకపక్క అరబ్బు తెగలు, ఇంకోపక్క కొత్తగా మతంలోకొచ్చిన పర్షియన్లు. వీళ్లని మవాలీలనేవాళ్లు. మన సినిమాల్లో రౌడీకి పెట్టిన పేరు కూడా అదే, ఎవరి మాట ఎవరికి తిట్టయిందో చూడండి! ఆ పట్నంలోనే ఇమాం అబూ హనీఫా (699-767) అరబ్బు కానివాడు అరబ్బు పిల్లకి సరిజోడు కాడన్నాడు. విచిత్రమేమంటే ఆయనే మవాలీ ఇంటివాడు. అదే కూఫాలో సుఫ్యాన్ సౌరీ, నికార్సయిన అరబ్బు, ఇద్దరూ సమానమే పొమ్మన్నాడు. తర్వాత 11వ శతాబ్దంలో సరఖ్సీ అనే హనఫీ పండితుడు దీనికి చెప్పిన సంజాయిషీ ఏమిటంటే, ఇద్దరూ వినయవంతులట! అరబ్బు వినయంతో తగ్గాడట, మవాలీ వినయంతో తనని తాను సమానుడనుకోలేదట. ఆ రెండో వినయం మనకి బాగా ఎరుకే. దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకున్న వినయం అది.

మదీనాలో ఇమాం మాలిక్ మతనిష్ఠే చూడాలన్నాడు, వంశం లెక్కలోకి తేలేదు. కార్డొబాలో ఇబ్న్ హజ్మ్ (994-1064) ముస్లింలందరూ ఒకటే, నల్ల బానిస స్త్రీ కొడుకు సైతం ఖలీఫా కూతుర్ని చేసుకోవచ్చన్నాడు. అంటే తోవలు చాలానే ఉన్నాయి. మన దేశానికి ఏ తోవ తెచ్చారన్నదే అసలు సంగతి.

తెచ్చింది హిదాయా. మర్గీనానీ (మరణం 1197) రాసిన ఆ గ్రంథంలో వృత్తి లెక్క ఉంది. నీచమైన వృత్తి అయితే సరిజోడు కాదని అబూ యూసుఫ్ మాటగా చెప్పి ఉదాహరణలిచ్చారు: కత్తిగాటు పెట్టి రక్తం తీసేవాడు, బట్ట నేసేవాడు, తోలు ఊనేవాడు. మాదిగ, సాలె, మంగలి! మనూరి నుంచి పట్టుకెళ్లినట్టు లేదూ? దీనికి ఆధారంగా చూపే హదీసు ఉత్త అబద్ధమని హదీసు పరీక్షకుల్లో పేరున్న అబూ హాతిం ఏనాడో తేల్చేశాడు. అయినా హిదాయా కదల్లేదు. 1791లో చార్లెస్ హామిల్టన్ దాన్ని ఇంగ్లీషులోకి దించాడు, కంపెనీ కోర్టులు దాన్నే ముస్లింల చట్టమన్నాయి. అప్పటికి నాలుగొందల ఏళ్ల ముందే ఢిల్లీ దర్బారు చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ, కింది పుట్టుకవాళ్లకి చదువూ రాతా నేర్పొద్దని 'ఫతావా-ఇ-జహాందారీ'లో రాసిపెట్టాడు. చదువు రానివ్వకపోతే కితాబుకి అర్థం చెప్పే కుర్చీ దగ్గరికి సాలోడు ఎట్లా వస్తాడు?

ఇంక 20వ శతాబ్దం. అష్రఫ్ అలీ థాన్వీ (1863-1943) బెహిష్తీ జేవర్ ఆడపిల్లల కోసం రాసిన పుస్తకం. ఉత్తరాదిన పెళ్లికూతురి సారెలో పెట్టి పంపిన పుస్తకం. అందులో సయ్యద్, షేక్ లకి మొగలు, పఠాన్లు సరిరారు. జులాహా దర్జీకి సరిరాడు. మంగలీ, చాకలీ కూడా దర్జీకి సరిరారు. మెట్ల మీద మెట్లు. అంబేద్కర్ చెప్పిన అంతస్తుల అసమానత ఉర్దూలో చదువుకోవచ్చు.

ఇది హెచ్చుతగ్గుల లెక్క కాదు, కాపురం సజావుగా సాగడానికే అంటారు మౌల్వీలు. అయితే ఒక మాట చెప్పండి. ఈ షరతు మగాడి వైపే ఎందుకు? సయ్యద్ కుర్రాడు జులాహా పిల్లని చేసుకుంటే కఫాఅత్ కి నొప్పి లేదు. జులాహా కుర్రాడు సయ్యద్ పిల్లని చేసుకుంటేనే నొప్పి. అనులోమం చెల్లుతుంది, ప్రతిలోమం చెల్లదు. మనువు లెక్క ఇదే కదా! ఈడొచ్చిన ఆడది తన పెళ్లి తనే చేసుకోవచ్చని హనఫీలు ఒక చేత్తో హక్కిచ్చారు. అల్లుడు తక్కువోడైతే ఆ పెళ్లి రద్దు చేయించే హక్కు తండ్రికి ఇంకో చేత్తో ఇచ్చారు. ఆడదాన్ని కట్టెయ్యకుండా కులం బతకదు, ఏ మతంలోనైనా.

ఆసిం బిహారీ, అబ్దుల్ ఖయ్యూం అన్సారీలు నేతవాళ్లని మోమిన్ కాన్ఫరెన్సులో కూడగట్టింది ఈ అవమానం మీదే. జులాహా అన్న పిలుపు తీసేసి మోమిన్, అన్సారీ అని చెప్పుకున్నారు. వాళ్లు ఆలింలని గెలిపించమని అడగలేదు, తమ పేరు తామే పెట్టుకున్నారు.

ఇప్పుడు రెండో నాటకం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే కట్టేసింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ కలిపారు. పాకీపని చేసే ముస్లిం మెహతర్ బయటే ఉన్నాడు. ఎందుకయ్యా అంటే ఇస్లాంలో కులం లేదుగా అన్నారు. ఈ మాట ఢిల్లీ సర్కారుదీ, మన అష్రఫ్ పెద్దలదీ కూడా. 2007లో ఆంధ్రప్రదేశ్ లో బీసీ-ఇ కింద 14 తెగలకి 4 శాతం ఇచ్చే చట్టమొచ్చింది. ఆ జాబితాలో తురక చాకలి, హజాం, ఫకీరు, అత్తరు సాయిబు ఉన్నారు. సయ్యదులూ మొగలులూ పఠాన్లూ లేరు. అప్పుడూ అదే పాట, కులం పేరుతో ఉమ్మత్ ని చీలుస్తారా అని. బెహిష్తీ జేవర్ అచ్చేసినప్పుడు చీలని ఉమ్మత్ రిజర్వేషన్ కాయితం మీద సంతకంతో చీలిపోయిందా?

ఇదంతా చదివి కాషాయం బాబులు చంకలు గుద్దుకోనక్కర్లేదు. మెహతర్ ని మెహతర్ చేసింది కూఫా కాదు, మీ వాడలు. కఫాఅత్ మీద కోపం నటించే వాళ్లు ముందు 1950 ఉత్తర్వు మీద నోరు తెరవండి.

మదర్సా పెద్దలకి మా అడుగుడు ఒకటే, అదీ పెద్దది కాదు. హిదాయాలో ఆ పేజీ చెప్పే రోజున మాలిక్ మాట, సుఫ్యాన్ మాట, ఇబ్న్ హజ్మ్ మాట కూడా పిల్లలకి చెప్పండి. ఆ హదీసు అబద్ధమన్న అబూ హాతిం తీర్పు బోర్డు మీద రాయండి. అప్పుడు ఆ క్లాసులో కూచున్న దూదేకుల పిల్లగాడు లేచి ఏం అడుగుతాడో విందాం.