కందిచేను లేని లైఫ్ సైన్సెస్

ప్రభుత్వ సభల్లో ‘లైఫ్ సైన్సెస్’ అంటే జీనోమ్ వ్యాలీ, టీకాలు, మందుల కంపెనీలు, పెట్టుబడుల కోట్లు. ఇళ్లలో అయితే బైపీసీ, నీట్ ర్యాంకు. ర్యాంకు రాకపోతే డిగ్రీలో బీజడ్‌సీ, అదీ మొహం వేలాడేసుకుని. ఈ రెండు లెక్కల్లోనూ జుక్కల్ నల్లరేగడిలో సోయా సాళ్ల మధ్య పెరిగే కందికి చోటు లేదు. నిజానికి జీవశాస్త్రాల పరిధి ఎంతటిదో ఆ కందిని అడిగితేనే తెలుస్తుంది.

వెర్రి తెగులు సోకిన కంది చావదు. ఆకులు చిన్నవై పాలిపోతాయి, కొమ్మలు గుబురుగా వస్తాయి, పూత మాత్రం రాదు. బీహార్‌లోని పూసాలో 1931లోనే దీన్ని నమోదు చేశారు. ఆకు అడుగున బతుకుతూ, కంటికి ఆనకుండా, గాలివాటున చేను నుంచి చేనుకు చేరే నల్లి దీన్ని మోసుకొస్తుందని 1960లలో తెలిసింది. అసలు వైరస్ ఆనవాలు దొరకడానికి 2000 ప్రాంతం దాకా ఆగాల్సి వచ్చింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, స్కాట్లాండ్ పరిశోధకులు కలిసి తేల్చారు. మరి ఇది వృక్షశాస్త్రమా, జంతుశాస్త్రమా, వైరస్‌ల శాస్త్రమా? ఒక్కదానితో తెగేది కాదు కాబట్టే అన్నేళ్లు పట్టింది. అయితే వైరస్ దొరికేదాకా ఎవరూ చేతులు కట్టుకు కూర్చోలేదు. తెగులున్న మడిలోనే రకరకాల కందులు వేసి, కాసినవాటిని ఏరుకుంటూ పోయారు. అలా వచ్చిన ‘ఆశ’ రకం 1993లో విడుదలైంది. నేలలోని శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులునూ అది తట్టుకుంటుంది.

టీకాలిచ్చిన పరిశ్రమను చిన్నచూపు చూస్తారా అని అడగొచ్చు. చూడను, కోవాగ్జిన్ జీనోమ్ వ్యాలీలో తయారైందే. పేచీ పరిశ్రమతో కాదు, శాస్త్రం పేరంతా దానికే రాసివ్వడంతో. ఇంతకంటే గట్టి ప్రశ్న రైతు నుంచి వస్తుంది: కందికి కావాల్సింది ధర, వైరస్ చరిత్ర కాదు. సగం నిజం. ధరను ఏ నల్లీ నిర్ణయించదు. కానీ కాయ పట్టని చేనుకు మద్దతు ధర ఎంతుంటేనేం? తెగులు ముదిరాక కూడా మందు కొట్టమనే దుకాణదారుకు అడ్డు చెప్పాలన్నా నల్లి సంగతి తెలిసి ఉండాలి.

కంది పక్కనే ఉన్న సోయా వేరు పీకి, బుడిపెను కోసి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే అక్కడి బాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తున్నట్టు. ఆ రంగు లెగ్‌హిమోగ్లోబిన్‌ది. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు అది చుట్టం. వైద్యానికీ వ్యవసాయానికీ మధ్య మనం కట్టిన గోడ అక్కడ లేదు. బిచ్కుందలోనో మద్నూర్‌లోనో చదివే పిల్లలకు ఈ ప్రాక్టికల్ చేయించడానికి జీనోమ్ వ్యాలీ అక్కర్లేదు, ఒక బ్లేడు చాలు. పుస్తకంలో బొమ్మ చూసి రికార్డులో గీయించే బదులు, ఈ వానాకాలం పూత దశలో పిల్లల్ని చేలోకి తీసుకెళ్లడానికి ఏ జీవో కావాలో అధికారులే చెప్పాలి.