నకిలీ నాణెం రూపు మార్చుకుంది

ఇమాం గజాలీ (రహ్మలై) తన 'ఇహ్యా ఉలూముద్దీన్' గ్రంథంలో వ్యాపార ధర్మాలను వివరిస్తూ నకిలీ నాణేల గురించి ప్రత్యేకంగా చర్చించారు. 1111వ సంవత్సరంలో ఇహలోకం వీడిన ఆ మహనీయుడు చెప్పిన దాని సారాంశం ఇది: నకిలీ దిర్హమ్ ఒకటి చేతికి వస్తే దానిని మరొకరికి అంటగట్టకూడదు. ఎవరి చేతికీ చిక్కకుండా బావిలో పారవేయాలి. అసలు నాణెమేదో, నకిలీ నాణెమేదో తెలుసుకునే విద్యను వ్యాపారి నేర్చుకొని తీరాలి. తన సొమ్ము కాపాడుకోవడం కోసం మాత్రమే కాదు, తెలియక తన చేతి మీదుగా నకిలీ సొమ్ము మరో సోదరునికి చేరకుండా ఉండటం కోసం. ఆ విద్య నేర్చుకోవడంలో అశ్రద్ధ చేసినవాడు ఆ మేరకు పాపంలో భాగస్వామి అవుతాడు.

దిర్హమ్‌ల కాలం గడిచిపోయింది. 2016లో యూపీఐ చెల్లింపులు మొదలైన నాటి నుంచి మన జేబులోని సొమ్ము క్రమంగా ఫోనులోకి చేరింది. ఈనాడు మోండా మార్కెట్‌లో కొత్తిమీర కట్టలు అమ్మే అమ్మ ముందు కూడా క్యూఆర్ అట్ట కనిపిస్తుంది. ఇది మంచి సౌకర్యమే, కాదనవలసిన పని లేదు. అయితే నాణేలకు నకిలీలు పుట్టినట్టే ఈ సొమ్ముకూ నకిలీలు పుట్టాయి. బ్యాంకు వెబ్‌సైటును, రైల్వే వెబ్‌సైటును అచ్చుగుద్దినట్టు పోలిన మరో వెబ్‌సైటును మోసగాళ్లు తయారుచేస్తారు. అదే రంగు, అదే ముద్ర, అవే అక్షరాలు. అక్కడ మనం నమోదు చేసే ఖాతా వివరాలు, పాస్‌వర్డు, ఓటీపీ నేరుగా వారికి చేరతాయి. నిమిషాల వ్యవధిలో ఖాతా ఖాళీ అవుతుంది.

దీనిని కేవలం పోలీసుల వ్యవహారంగానో, పెద్ద చదువులు చదివినవారి సమస్యగానో భావించి వదిలివేయడం తగదు. అసలు వెబ్‌సైటును నకిలీ నుంచి వేరుచేసి గుర్తించడం ఈ కాలపు నాణేల విద్య. దానిని నేర్చుకోవడం, నేర్పడం మన ధార్మిక బాధ్యతలో భాగం.

తవక్కుల్ అంటే అజాగ్రత్త కాదు

"నసీబులో ఉంటే ఉంటుంది, లేకపోతే పోతుంది" అని తేలికగా మాట్లాడేవారు మన మధ్య ఉన్నారు. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం మోపాలా, వదిలేసి మోపాలా అని ఒక వ్యక్తి అడిగినప్పుడు, ముందు దానిని కట్టి ఆ తరువాత అల్లాహ్‌ను నమ్ముకోమని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించిన సంగతి వారికి తెలియనిది కాదు. దుర్మార్గుడు ఏదైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో విశ్వాసులను ఆదేశించింది. ఎవరు పంపారో తెలియని సందేశం ఫోనుకు వచ్చింది. "మీ ఖాతా ఈ రాత్రి నిలిచిపోతుంది, వెంటనే ఈ లింకు నొక్కండి" అని ఉంది. అది కూడా వార్తే. దానినీ విచారించవలసిందే. భయపెట్టి తొందరపెట్టడం మోసగాళ్ల పద్ధతి. నిలకడగా ఆలోచించడం విశ్వాసి పద్ధతి.

కుడి నుంచి చదవండి

సికింద్రాబాద్ దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. ఇక్కడ రైలు టికెట్టుతో పనిలేని ఇల్లు అరుదు. కాబట్టి ఉదాహరణను రైల్వే నుంచే తీసుకుందాం. 2023 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ సంస్థ ప్రజలకు ఒక హెచ్చరిక చేసింది. తమ పేరుతో ఒక నకిలీ లింకు, దాని ద్వారా ఒక నకిలీ యాప్ ప్రచారంలో ఉన్నాయని, వాటిని ఫోనులో పెట్టుకోవద్దని కోరింది. ఆ లింకు పేరు 'ఐఆర్‌సీటీసీ డాట్ క్రెడిట్‌మొబైల్ డాట్ సైట్'. మొదట్లో ఐఆర్‌సీటీసీ అని కనపడగానే చాలామంది నమ్ముతారు. మోసం అక్కడే ఉంది.

వెబ్‌సైటు చిరునామాను ఉర్దూ చదివినట్టు కుడివైపు నుంచి చదవాలి. రెండు ఏటవాలు గీతల తరువాత మొదలై, మళ్లీ ఒక ఏటవాలు గీత వచ్చే వరకు ఉన్నదే అసలు చిరునామా. దాని కుడి చివర ఉన్న ముక్క, దానికి ఆనుకొని ఎడమన ఉన్న ముక్క కలిపి చూస్తే యజమాని ఎవరో తెలుస్తుంది. పై లింకుకు యజమాని 'క్రెడిట్‌మొబైల్ డాట్ సైట్', రైల్వే కాదు. ఇంకా ఎడమకు పోతే ఎవరైనా ఏ పేరైనా తగిలించుకోవచ్చు. కిరాణా కొట్టు ముందు ఎవరో రిజర్వు బ్యాంకు అని బోర్డు పెట్టుకున్నట్టే అది. 'కో డాట్ ఇన్', 'గవ్ డాట్ ఇన్', 'బ్యాంక్ డాట్ ఇన్' అని ముగిసే చోట మాత్రం మూడో ముక్క వరకు చూడాలి. ఐఆర్‌సీటీసీ అసలు చిరునామా 'ఐఆర్‌సీటీసీ డాట్ కో డాట్ ఇన్'.

అక్షరాలను కూడా పరీక్షగా చూడాలి. ఉర్దూ లిపిలో 'దుఆ' అనే పదంపై ఒక్క చుక్క పెడితే 'దగా' అవుతుంది. మోసగాళ్లు చేసేదీ అంతే. ఇంగ్లీషు అక్షరం 'ఓ' ఉన్న చోట సున్నా పెడతారు. 'ఎల్' ఉన్న చోట ఒకటి అంకె పెడతారు. 'ఆర్', 'ఎన్' పక్కపక్కన చేర్చి 'ఎమ్' అని భ్రమ కలిగిస్తారు. చుక్క ఉండవలసిన చోట అడ్డగీత గీస్తారు. చిరునామా పక్కన తాళం గుర్తు కనిపించినంత మాత్రాన వెబ్‌సైటు అసలుదని అర్థం కాదు. మనకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య సాగే మాటను మరొకరు వినలేరని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొంగే అయితే ఆ తాళం ఎవరికి మేలు చేస్తుంది?

ఈ విషయంలో ఒక మంచి మార్పు మన నగరం ద్వారానే జరిగింది. బ్యాంకులన్నీ 'బ్యాంక్ డాట్ ఇన్' అని ముగిసే చిరునామాలకు మారాలని రిజర్వు బ్యాంకు 2025లో ఆదేశించి, అక్టోబర్ 31ని గడువుగా పెట్టింది. ఆ చిరునామాలను నమోదు చేసే బాధ్యతను హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీ సంస్థకు అప్పగించింది. ఇది రిజర్వు బ్యాంకే 1996లో నెలకొల్పిన సంస్థ. బ్యాంకు కానివారికి ఈ చిరునామా దొరకదు. అంటే టంకశాల ముద్ర వంటిదన్నమాట. బ్యాంకు పేరు చెప్పే వెబ్‌సైటు చివర ఈ ముద్ర లేకపోతే అక్కడ పాస్‌వర్డు నమోదు చేయకుండా ఆగి, బ్యాంకు శాఖలో విచారించుకోవడం మేలు. అన్నిటికన్నా క్షేమమైన మార్గం ఒకటుంది. ఎవరో పంపిన లింకు నొక్కవద్దు. చిరునామాను పాసుపుస్తకంలోనో బ్యాంకు శాఖలోనో చూసుకొని మన చేతితో మనమే టైపు చేయాలి. సందేశంతో పాటు వచ్చే ఏపీకే ఫైలును ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదన్న సంగతి ఇంట్లో పిల్లల నుంచి పెద్దల దాకా అందరికీ తెలిసి ఉండాలి.

హజ్ సొమ్ము, జకాత్ సొమ్ము

హజ్, ఉమ్రా యాత్రలకు వెళ్లదలచినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒక్కో రూపాయి కూడబెట్టి ఏళ్ల తరబడి దాచిన సొమ్ము అది. తక్కువ ధరకు ప్యాకేజీ అంటూ వచ్చే ప్రకటనలను చూసి తొందరపడకూడదు. భారత హజ్ కమిటీ వెబ్‌సైటు 'హజ్‌కమిటీ డాట్ గవ్ డాట్ ఇన్'. ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు 'గవ్ డాట్ ఇన్' ఇవ్వరు. ప్రభుత్వం 2024లో ప్రవేశపెట్టిన హజ్ సువిధ యాప్ కూడా ఉంది. సందేహం ఉన్నవారు నాంపల్లిలోని హజ్ హౌస్‌కు వెళ్లి అడగవచ్చు. సికింద్రాబాద్ నుంచి నాంపల్లి ఎంత దూరం? మక్కాకు పోదలచినవారికి ఆ మాత్రం ప్రయాణం భారమా?

రమజాన్ మాసంలో అనాథల పేరుతో, రోగుల పేరుతో క్యూఆర్ చిత్రాలు ఫోనుల్లో తిరుగుతుంటాయి. వాటిలో నిజమైనవీ ఉంటాయి, దొంగవీ ఉంటాయి. జకాత్ ఇచ్చిన తరువాత పుచ్చుకున్నవాడు అర్హుడు కాదని తేలితే ఏమిటన్న ప్రశ్నను హనఫీ ధర్మవేత్తలు ఏనాడో చర్చించారు. ఇచ్చినవాడు తన శక్తి మేరకు విచారించి ఇచ్చాడా, లేక అసలు విచారించకుండానే ఇచ్చాడా అన్నది అక్కడ కీలకమైంది. కనుక జకాత్ విషయంలో విచారణ కేవలం లోకజ్ఞానం కాదు, ఆరాధనకు సంబంధించిన అంశం. ఇలాంటి పరిస్థితి ఎదురైనవారు ముఫ్తీలను సంప్రదించాలి. మన వీధిలో, మన బంధువుల్లో కళ్లెదుట ఉన్న నిరుపేదను వదిలి ముఖం తెలియని చిత్రానికి డబ్బు పంపడం ఎంతవరకు సబబో కూడా ఆలోచించాలి.

ఖాతాను అద్దెకు ఇవ్వడం

ఇప్పటివరకు మోసపోయేవారి గురించి మాట్లాడుకున్నాం. ఇక మోసానికి చేయి అందించేవారి గురించి చెప్పక తప్పదు. నకిలీ వెబ్‌సైటు ద్వారా దోచిన డబ్బు దొంగ సొంత ఖాతాలోకి వెళ్లదు. కమీషన్ ఆశ చూపి ఎవరో పేద యువకుని ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌ను తీసుకుంటారు. డబ్బు అందులో పడి క్షణాల్లో మరో ఖాతాకు పోతుంది. 2024 ఆగస్టులో పాతబస్తీ శంషీర్‌గంజ్‌లోని ఒక బ్యాంకు శాఖలో ఆరు ఖాతాల ద్వారా దాదాపు 175 కోట్ల రూపాయలు చేతులు మారాయని తెలంగాణ పోలీసులు ప్రకటించారు. దేశమంతటా సుమారు 600 ఫిర్యాదులకు ఆ ఖాతాలతో సంబంధం ఉన్నట్టు చెప్పారు. ఆ ఖాతాలు చూపిన దారి పెద్ద పెద్ద భవనాలకు కాదు, మన గల్లీలకే చేరింది.

"నేను ఎవరినీ మోసం చేయలేదు, ఖాతా మాత్రమే ఇచ్చాను" అని ఆ యువకుడు అంటాడు. ఇమాం గజాలీ ప్రస్తావించిన మరో మాట ఇక్కడ గుర్తుచేసుకోవాలి. నకిలీ దిర్హమ్ ఒకటి చెలామణి చేయడం నూరు దిర్హమ్‌లు దొంగిలించడం కన్నా ఘోరమని పూర్వికులలో ఒకరు అన్నారట. దొంగతనం ఒకసారితో ముగుస్తుంది. నకిలీ నాణెం చెలామణిలో ఉన్నంత కాలం దాని పాపం మొదలుపెట్టినవాని ఖాతాలో జమ అవుతూనే ఉంటుంది, అతడు చనిపోయినా ఆగదు. అద్దెకిచ్చిన ఖాతా సంగతీ అంతే. ఎక్కడో ఒక వితంతువు కూతురి పెళ్లికని దాచుకున్న సొమ్ము ఆ ఖాతా గుండా పోయి ఉండవచ్చు. పీడితుని మొరకు, అల్లాహ్‌కు మధ్య అడ్డుతెర ఉండదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఐదు వేలో పది వేలో కమీషన్ కోసం అలాంటి మొరను కొని తెచ్చుకోవడం ఎంత నష్టదాయకం! ఆ సొమ్ముతో తెచ్చిన అన్నం హలాల్ ఎలా అవుతుంది? తల్లిదండ్రులారా, పని లేకుండా కుమారుని చేతికి డబ్బు వస్తుంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. అడగడం మీ హక్కు మాత్రమే కాదు, విధి.

పరిశీలించకుండా లింకును పది మందికి పంపేవారు కూడా ఆలోచించాలి. మంచి ఉద్దేశంతో పంపినా అది చేతులు మారుతున్న నకిలీ నాణెమే. అనుమానం ఉన్నదానిని బావిలో పారవేయాలి, అంటే ఫోనులో నుంచి తుడిచివేయాలి.

మొదటి గంట

జాగ్రత్తపడినా మోసపోతే ఏం చేయాలి? ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దూకుతూ పోతుంది. ఫిర్యాదు త్వరగా అందితే దారిలో ఏదో ఒక ఖాతాలో దానిని నిలిపివేసే అవకాశం ఉంటుంది. బ్యాంకుకూ వెంటనే తెలియజేయాలి. ఓటీపీ లేదా పాస్‌వర్డు ఖాతాదారే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలిపే వరకు జరిగిన నష్టం అతనిదని, తెలిపిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదని 2017 జూలైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు స్పష్టం చేసింది. అందుకే ప్రతి నిమిషం విలువైనదే. పోయిన డబ్బు రుసుముకు తిరిగి ఇప్పిస్తామని తరువాత ఫోను చేసేవారిని నమ్మకూడదు. దైవప్రవక్త (స) బోధన ప్రకారం విశ్వాసి ఒకే కన్నం నుంచి రెండుసార్లు కాటు తినడు.

చాలామంది సిగ్గుపడి ఈ విషయాన్ని ఇంట్లో కూడా చెప్పరు. కోడలు నవ్వుతుందని అత్త, కొడుకు కోప్పడతాడని తండ్రి లోలోపల కుమిలిపోతారు. దొంగకు కావలసింది ఈ మౌనమే. మోసపోవడం నేరం కాదు, మోసపోయినవారిని ఎగతాళి చేయడం మాత్రం తప్పకుండా తప్పే.

మస్జిద్ కమిటీలకు, బ్యాంకులకు

జుమా నమాజుకు వచ్చేవారిలో వృద్ధులు, కూలీలు, ఆటో డ్రైవర్లు, చిల్లర వర్తకులు అందరూ ఉంటారు. ఇంతమంది ఒక్కచోట చేరే అవకాశం మరెక్కడా ఉండదు. ఖుత్బాకు ముందు చేసే ప్రసంగంలో నెలకొకసారి పది నిమిషాలు ఈ విషయానికి కేటాయించాలని ఇమాములను కోరుతున్నాం. నోటీసు బోర్డుపై 1930 నంబరును తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించాలి. మస్జిద్ చందా క్యూఆర్ అట్టపై మరొకరు తమ అట్ట అంటించలేదని ముతవల్లీ ప్రతి శుక్రవారం ఒకసారి చూసుకోవాలి. కంప్యూటర్ తెలిసిన యువకులు మొహల్లాలోని పెద్దలకు, ఇంట్లోని స్త్రీలకు చిరునామా చదవడం నేర్పాలి. అదొక సద్ఖా అవుతుంది.

బ్యాంకులకూ ఒక మనవి. లింకులు నొక్కవద్దని చెబుతూనే లింకులతో కూడిన సందేశాలు పంపడం మానుకోవాలి. రాష్ట్రంలో ఉర్దూ రెండవ అధికార భాష. హెచ్చరికలు ఇంగ్లీషులో కాక తెలుగులో, ఉర్దూలో పంపితేనే అవసరమైనవారికి అందుతాయి.

సొమ్ము అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దానిని ఎలా సంపాదించామో, ఎలా ఖర్చు చేశామో ప్రళయదినాన జవాబు చెప్పుకోవలసి ఉంది. మోసపోకుండా ఉండే వివేకాన్ని, మోసం చేయకుండా ఉండే దైవభీతిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.