బర్మా ప్రవాసులారా, చందాలతో సరిపెట్టొద్దు

2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైన్యం అధికారాన్ని లాక్కుంది. ఆ రోజుల్లో టోక్యో నుంచి లండన్ దాకా బర్మా ప్రవాసులు వీధుల్లోకొచ్చారు, మూడు వేళ్లు పైకెత్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గుంపులు పలచబడ్డాయి. చందాలు మాత్రం ఆగలేదు. బియ్యం, మందులు, టార్పాలిన్లు పంపుతూనే ఉన్నారు. ఆ చేతులకు దండం. కానీ ఒక్క మాట అడగాలి. గాయానికి కట్టు కడుతూ, కొట్టేవాడి చేతిని వదిలేస్తే ఆ కట్లు ఎన్నాళ్లు కట్టాలి?

2023 ఏప్రిల్ 11న సగాయింగ్ ప్రాంతంలోని పాజీజీ ఊరి మీద విమానాలు బాంబులేస్తే వంద మందికి పైగా చనిపోయారు. 2025 మార్చి 28 భూకంపంలో 3 వేల మందికి పైగా పోయారు. శిథిలాల కింద జనం ఉండగానే సైన్యం బాంబులు వేసింది. చందా శవాన్ని మోస్తుంది, బతికినవాళ్లకు అన్నం పెడుతుంది. విమానాన్ని మాత్రం ఆపలేదు.

"దేశం వదిలొచ్చాం, ఇంకా రాజకీయాలెందుకు" అనేవాళ్లున్నారు. మీరు వదిలినా సైన్యం మిమ్మల్ని వదిలిందా? పాస్‌పోర్టు రెన్యువల్‌కి దాని రాయబార కార్యాలయం గడపే తొక్కాలి. వలస కూలీల సంపాదనలో 25 శాతం అధికారిక బ్యాంకుల ద్వారానే ఇంటికి పంపాలని 2023లో రూలు పెట్టింది. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ తెచ్చింది. 18 నుంచి 35 ఏళ్ల మగపిల్లలు, 18 నుంచి 27 ఏళ్ల ఆడపిల్లలు దాని కిందికొస్తారు. అంటే మీ తమ్ముడిని పట్టుకెళ్లి మీ ఊరి మీదే కాల్పించే చట్టం.

అందరినీ ఒకే ధైర్యం అడగలేం. థాయ్‌లాండ్ రొయ్యల ఫ్యాక్టరీలో, మలేసియా హోటల్‌లో కాగితాలు లేకుండా పనిచేసే మనిషి జెండా పట్టుకుంటే రేపు పోలీసు వ్యాన్ ఎక్కాలి. కానీ అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో స్థిరపడ్డ చిన్ ప్రజల్లో, సెయింట్ పాల్‌లోని కరెన్ ప్రజల్లో ఎందరికో పౌరసత్వం ఉంది, ఓటుంది. కాగితం ఉన్నవాళ్లే కాగితం లేనివాళ్ల తరఫున ముందు నిలబడాలి. అదేం త్యాగం కాదు, బాకీ.

ఒత్తిడి పనిచేస్తుందా అంటే, చేసింది. 2022 జనవరిలో టోటల్, షెవ్రాన్ కంపెనీలు యదనా గ్యాస్ క్షేత్రం నుంచి తప్పుకుంటున్నామని ప్రకటించాయి. నెలల తరబడి ఉద్యమకారులు వెంటపడితే వచ్చిన ఫలితం అది. అయితే వాళ్లు పోయాక నిర్వహణ థాయ్ కంపెనీ చేతికొచ్చింది, గ్యాస్ పారుతూనే ఉంది. సగం గెలిచి ఇంటికెళ్తే ఇలాగే ఉంటుంది. ఇప్పుడు విమాన ఇంధనం ఎవరమ్ముతున్నారు, బీమా ఎవరిస్తున్నారు, డబ్బు ఏ బ్యాంకులోంచి పోతోంది అని మీరున్న దేశంలోని ఎంపీలను నిలదీయాలి. సూచీ పార్టీని 2023లోనే రద్దు చేసి, 2025 డిసెంబర్ 28న మొదలుపెట్టిన ఎన్నికల తంతును గుర్తించొద్దని అడగాలి.

ఇంకో చేదు మాట. ఏ బర్మా కోసం ఈ పోరాటం? 1947లో పాంగ్‌లాంగ్‌లో ఆంగ్ సాన్ సమక్షంలో షాన్, కచిన్, చిన్ నాయకులు సంతకాలు చేశారు. స్వపరిపాలన మాట కాగితం మీదే మిగిలింది. 2017లో 7 లక్షల మందికి పైగా రోహింగ్యాలను తరిమినప్పుడు విదేశాల్లోని బర్మన్లలో చాలామంది నోరు మెదపలేదు. తిరుగుబాటు తర్వాత కొందరు బహిరంగంగా క్షమాపణ చెప్పారు, మంచిదే. ఇప్పుడు ఆ మాట వేదిక మీద కనపడాలి. రోహింగ్యాకు కుర్చీ వేయని సభ సైన్యం రాసిన జాబితానే మోస్తుంది.

మాకేం సంబంధమంటారా? విశాఖలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. రంగూన్ నుంచి కట్టుబట్టలతో తిరిగొచ్చిన తెలుగు కాందిశీకుల గుర్తు అది. ఢిల్లీ రానివ్వొద్దన్నా, చిన్ సోదరులకు మిజోరం ఆదివాసులు తలుపు తీశారు. సరిహద్దు గీతకన్నా రక్తబంధం పాతదని వాళ్లకు తెలుసు.

చందా పంపండి. రసీదు పక్కన పెట్టి, మీ ఎంపీకి ఉత్తరం కూడా రాయండి. వచ్చే సభకు పక్క సంఘం వాళ్లను, పక్క జాతి వాళ్లను పిలుచుకుని రండి.