పాడైతే ఎవరు చూస్తారు?

ఫస్టియర్‌లో ల్యాప్‌టాప్ అనగానే మనోళ్ళ చర్చంతా ఐ5నా, రైజెనా, ర్యామ్ ఎంత అనే దగ్గరే తిరుగుతుంది. అయిజ లాంటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు మాత్రం ఇంకోటి ముందు అడగాలంటాను: పాడైతే ఎవరు చూస్తారు?

వారంటీ ‘ఆన్‌సైట్’ అయితే మనిషే ఇంటికొస్తాడు, అదీ మన పిన్‌కోడ్‌కి ఆ సర్వీస్ ఉంటేనే. ‘క్యారీ ఇన్’ అయితే మనమే మోసుకుపోవాలి. అయిజలో బస్సెక్కి గద్వాలకో కర్నూలుకో, అక్కడా సెంటర్ లేకపోతే హైదరాబాదుకే. ఇవ్వడానికి ఒక రోజు, తెచ్చుకోవడానికి ఇంకో రోజు, మధ్యలో ల్యాబ్ రికార్డు! పైగా విండోస్ ఎగిరిపోవడం, డ్రైవర్లు పడకపోవడం లాంటివి హార్డ్‌వేర్ వారంటీలోకి రావు. అవి చూసిపెట్టేది కొన్న షాపు అన్నే.

అమ్మే చోటే బాగుచేసే మనిషి కనిపిస్తే కొనేవాడికి ధైర్యం. ఆపిల్ 2001లో తన స్టోర్లలో జీనియస్ బార్ పెట్టింది అందుకే గదా. మన దేశంలో ఆ స్టోర్లు 2023లో ముంబయి, ఢిల్లీలతో మొదలయ్యాయి. మనకు మాత్రం షాపు అన్న కౌంటరే ఆ బార్.

అలాగని ఆయన చెప్పిందల్లా నమ్మమనను. అమ్ముడుపోని పాత మోడల్ అంటగట్టొచ్చు. మోడల్ నంబరు ఆన్‌లైన్‌లో చూసుకోండి. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా, బోర్డుకే సోల్డర్ చేశారా అడగండి. చేసేసి ఉంటే మామూలు రిపేరు షాపులో పెంచడం కుదరదు. ఆన్‌లైన్‌కీ షాపుకీ తేడా రెండు వేల లోపైతే నా ఓటు షాపుకే. పది వేలైతే ఆన్‌లైన్‌లోనే తీసుకోండి, మిగిలినదాంట్లో కొంత రిపేరుకి పక్కన పెట్టండి.