ఆ అట్లాస్‌కు కత్తెర పెట్టకండి



పోయినేడు సోషల్ ప్రాజెక్టుకు ఏడో తరగతి పాప ఒక చార్టు తెచ్చింది. మధ్యలో రంగుల మ్యాపు, చుట్టూ మెరుపుల బోర్డరు. ఇరవైకి ఇరవై వేశాను. తర్వాత తీరిగ్గా చూస్తే మ్యాపు మీద హైదరాబాద్ స్టేట్ అని ఉంది. ఎక్కడిదమ్మా అంటే, "మా తాతయ్య అట్లాస్ టీచర్, పాతదే కదా అని అమ్మ కట్ చేసిచ్చింది" అంది. మర్నాడు ఆ పుస్తకం తెప్పించాను. ఏడు పేజీలు పోయాయి. మొదటి పేజీ కూడా లేదు, దాంతో అచ్చయిన సంవత్సరమూ పోయింది. ఆ అమ్మను ఏమీ అనలేను. అచ్చు బొమ్మలు అతికిస్తే మార్కులు ఎక్కువని క్లాసులో చెప్పింది నేనే.

సంవత్సరం కోసం చార్టు మీదే వెతికాం. గుంటూరు, కర్నూలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నాయి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది 1953 అక్టోబర్ 1న. అంటే మ్యాపు అంతకుముందు కాలానిది! ఇక పిల్లలు ఆగలేదు, ఇళ్లలోని అట్లాసులన్నీ మోసుకొచ్చారు. మన ఆలేరు నల్గొండ జిల్లాలో ఉంటే 2016 అక్టోబర్ 11కు ముందుది, యాదాద్రి భువనగిరిలో ఉంటే తర్వాతది. రంగారెడ్డి జిల్లా లేకపోతే 1978కి ముందుది. ఈ పాఠం స్మార్ట్ బోర్డు మీద కుదరలేదు. అందులో ఎప్పుడు తెరిచినా ఈ రోజు మ్యాపే.

కత్తెర పట్టింది మనమే కాదు. 1570లో ఆంట్వెర్ప్‌లో ఓర్టీలియస్ అచ్చు వేయించినదాన్ని మొదటి ఆధునిక అట్లాస్ అంటారు. అలాంటి పాత పుస్తకాలను వ్యాపారులు చాలావరకు విప్పేసి, పేజీల లెక్కన ఫ్రేములకు అమ్ముకున్నారు. మొత్తం పుస్తకం కంటే విడి పేజీలకే డబ్బు ఎక్కువ మరి. గోడ మీద అందంగానే ఉంటుంది, కానీ పేజీ వెనక రాసిన వివరం గోడకే అంకితం.

మన హైదరాబాద్‌లో ప్రశాంత్ లాహోటి గారు పాత మ్యాపులు సేకరించి కళాకృతి ఆర్కైవ్స్‌లో భద్రపరిచారు. 2015లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు కూడా. 1908 మూసీ వరద తర్వాత, 1912-15 మధ్య లెనార్డ్ మన్ చేసిన హైదరాబాద్ సర్వే షీట్లలోనైతే వీధులూ ఇళ్లూ విడివిడిగా కనిపిస్తాయి. ఎవరో ఒకరు వాటిని దాచబట్టే కదా ఇవాళ చూడగలుగుతున్నాం.

అంత ఖరీదైనవి మనం కొనక్కర్లేదు (నా జీతానికైతే అవి కలలోకి కూడా రావు). బీరువా మీదున్న అట్లాస్‌ను పాత పేపర్లతో తూకానికి వేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి. చిరిగితే సెల్లో టేప్ వేయకండి, కొన్నేళ్లకు ఆ జిగురు పసుపు మరకై కాగితంలోకి దిగుతుంది. లామినేషన్ అసలే వద్దు. ప్రాజెక్టుకు కావాలంటే ఫోన్‌తో ఫొటో తీసి ప్రింటు తీయించండి.

ఈ ఏడాది నుంచి నా క్లాసులో పుస్తకంలోంచి కత్తిరించిన మ్యాపుకు మార్కులు లేవు. చేత్తో గీసింది వంకరగా ఉన్నా వేస్తాను. చార్టు నీట్‌గా లేదని పేరెంట్స్ మీటింగులో మీరు అడగొచ్చు, అడగండి.

తాతయ్య అట్లాస్‌ను మిగిలిన పేజీలతో ఇంటికి తిప్పి పంపాను. చార్టునూ మడత పెట్టకుండా దానితోపాటే పంపాను, అతికించిన మ్యాపును పీకొద్దని చెప్పి.