కావలివాని కన్నులు గట్టరాదు

యంత్రమును గొనువాడు దాని బలమును జూచును గాని, దానిని నిలుపు సాధనమును జూచువారు తక్కువ. మన అనంతపురము సీమలో నేడు మోటారు లేని గ్రామము లేదనిన నతిశయోక్తి కాదు. పొలములో బోరుబావి, వీథిలో పిండిమర, సందులో వడ్రంగి ఱంపము, అన్నిటికిని మోటారే ప్రాణము. ఆ మోటారు ప్రక్క గోడకు దగిలించిన చిన్న పెట్టెయే స్టార్టరు. పచ్చబటను నొక్కిన యంత్రము కదలును, ఎఱ్ఱబటను నొక్కిన నిలుచును. ఇంతమాత్రమే దాని పనియని యనేకులు తలంతురు. ఈ తలంపు పొరపాటనియు, ఆ పొరపాటు మన పిల్లల చేతులకే యపాయకరమనియు నా యభిప్రాయము.

కొన్ని నెలల క్రిందట బల్లలు బాగుచేయించుటకై నేనొక వడ్రంగి కార్ఖానాకు వెళ్లితిని. అచ్చట గుండ్రని ఱంపపు యంత్రమొకటి కలదు. పచ్చబటను నొక్కినంతసేపు అది తిరుగుచు, వ్రేలు తీసినంతనే నిలిచిపోవుచుండెనట. స్టార్టరును బాగుచేయించుటకు మాఱుగా పనివారు బటను సందున చెక్కచీలిక నొకదానిని దూర్చి, పైన దారము చుట్టిరి. యంత్రము నడచినది, అందఱును సంతోషించిరి. నేనుండగనే కరెంటు పోయినది. పని నేర్చుకొనుచున్న కుఱ్ఱవాడొకడు చీపురు తీసికొని ఱంపము క్రింది పొట్టు నూడ్వసాగెను. అంతలో కరెంటు వచ్చినది. ఎవ్వరును బటను ముట్టలేదు. ఱంపము మాత్రము గిఱ్ఱున దిరిగెను. చీపురుపుల్లలు నలుదిక్కులకు జెదరినవి. కుఱ్ఱవాని వ్రేళ్లకును ఱంపపు పండ్లకును నడుమ జానెడు దూరము మాత్రమే యుండెను. మేస్త్రీ కొంతసేపు మాటలాడలేదు. పిదప, “అయ్యా, మా పొలములో మోటారుకు గూడ ఇట్లే చేసినాము, అక్కడ నేమియు గాలేదే” యనెను.

ఆ మాట నన్ను జాలకాల మాలోచింపజేసినది. రైతును నిందించుట తగదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు జిల్లా యిది; అదియు వేళకు రాదు. సేద్యమునకు కరెంటు 2004వ సంవత్సరము నుండి ఉచితముగ లభించుచున్నను, అది వచ్చు వేళ రైతు చేతిలోనిది కాదు. కరెంటు రాత్రివేళ వచ్చిన దినములలో, పాములు తిరుగు గట్లవెంట నడచిపోయి బటను నొక్కుటకంటె, కరెంటు రాగానే మోటారు తనంతట తానే కదలునట్లు చేసికొనుట యాతనికి మేలని తోచినది. బోరులోని మోటారు వందల యడుగుల లోతున నుండును. దాని దరి చేయి పెట్టువాడు లేడు.

అయినను పొలములో నేమియు గాలేదనుట నిజము కాదు. కదలునప్పుడు మోటారు తన సాధారణపు కరెంటునకు ఆఱురెట్ల వఱకు లాగును. ఊరి మోటార్లన్నియు ఒక్క క్షణమున గదలినచో ట్రాన్స్‌ఫార్మరు ఆ భారము నెట్లు మోయగలదు? ఓల్టేజి పడిపోవును. 415 ఉండవలసినచోట 300 మాత్రమే యున్నయెడల మోటారు త్రిప్పుబలము ఇంచుమించు సగమునకు దిగును. కదలలేక మూల్గుచు, వేడెక్కి, తుదకు కాలిపోవును. పొలములో పోవునది ధనము. కార్ఖానాలో పోవునది వ్రేళ్లు. పొలమునకు సౌకర్యమైనది ఱంపమునకు మృత్యువగునని మేస్త్రీకి జెప్పినవారు లేరు.

స్టార్టరు నిజముగ జేయు పని యేమి? పచ్చబటను నొక్కగానే లోపలి కాయిలు అయస్కాంతమై యినుపముక్కను లాగికొనును. దానితో మోటారునకు బోవు మూడు పాయింట్లును, వానివెంట నొక చిన్న పాయింటును కలియును. బటను విడిచిన తరువాత కాయిలునకు కరెంటు నందించునది ఆ చిన్న పాయింటే. కరెంటు పోయినచో కాయిలు పట్టువిడుచును. మరల వచ్చినను, మనుష్యుడు చేయి వేసి యాజ్ఞ యిచ్చువఱకు యంత్రము కదలదు. రెండవ కావలి ఓవర్‌లోడు రిలే. రెండు లోహముల నతికిన చిన్న పట్టీలు అధికపు కరెంటు వేడికి వంగి మోటారు నాపును. నడుచుచున్న మోటారునకు మూడు ఫేజులలో నొకటి పోయినయెడల మిగిలిన రెంటిలో కరెంటు సుమారు ఒకటి ముప్పాతిక రెట్లగును. అప్పుడు మోటారును కాపాడునది ఈ రిలేయే. అది మాటిమాటికి ట్రిప్పగుచున్నదని తీసివేయువాడు, మొఱుగుచున్నదని కుక్కను దఱిమి దొంగకు దారి యిచ్చువాని వంటివాడు. ఱంపము మొద్దువాఱెనా, బేరింగు ఎండెనా, ఫ్యూజు పోయెనా యని మొదట విచారింపవలయును.

ఆ కార్ఖానాలో చెడినది చిన్న పాయింటు మాత్రమే. ఱంపపు పొట్టు పెట్టెలో జేరి దానిని కలియనీయకుండెను. దానిని శుభ్రపఱచుటకో మార్చుటకో చీలిక చెక్కినంత సమయము కంటె మిక్కిలి యెక్కువ పట్టదు. స్టార్టరునే మార్చవలసివచ్చినను, ఆ వ్యయము ఒక చేతి వెలతో దూగదు. అయితే ఈ పని తెలిసినవాడే చేయవలయును. మెయినును ఆపి, ఫ్యూజులను దీసి జేబులో నుంచుకొని, మూడు ఫేజులను విడివిడిగ పరీక్షించిన పిదపనే పెట్టె తెఱవవలయును. ఒక ఫేజు చల్లబడినంత మాత్రమున తక్కినవి చల్లబడినవని నమ్మరాదు. కొత్త కాయిలు పాతదాని ఓల్టేజికే సరిపోవలయును. రిలేను మోటారు పేరుపలకపై జెక్కిన కరెంటు ననుసరించి దిద్దవలయును, పొరుగువాని మోటారును జూచి కాదు.

చట్టము చూచుకొనునని కొందఱందురు. 1948లో జేసిన ఫ్యాక్టరీల చట్టము యంత్రముల ప్రమాదకర భాగములకు కంచె యుండవలెనని విధించెను. కాని కరెంటుతో నడచు చోట్ల పదిమందికి తక్కువ పనివారున్న కార్ఖానాలకు అది సాధారణముగ వర్తింపలేదు. మన సందులలోని ఱంపపు కార్ఖానాలలో ననేకము నలుగురైదుగురు పనిచేయునవే. చట్టము చేరని చోట మంచి యలవాటే చట్టము కావలయును.

కావున విద్యార్థులారా, మీరు పనిశాలలో యంత్రము ముందు నిలుచునపుడు మీ యుపాధ్యాయుని సమక్షమున ఈ యొక్క పరీక్షను జేయించుడు. ఱంపము తిరుగుచుండగా మెయినును ఆపించుడు. పండ్లు పూర్తిగ నిలిచినపిదప, అందఱును దూరముగ నుండి, మెయినును మరల వేయించుడు. ఱంపము కదలకుండిన స్టార్టరు మేలుకొనియున్నది. తనంతట తాను దిరిగినచో ఆ దినమున ఆ యంత్రమును ముట్టకుడు. బాగుచేయు వఱకు దానిపై పని చేయమని యెవ్వరు చెప్పినను వినకుడు. తలిదండ్రులారా, పని నేర్చుకొనుటకు బిడ్డను కార్ఖానాకు బంపునపుడు కూలి యెంత యని యడుగుటకు ముందు, స్టార్టరు బటనునకు చీలిక యున్నదేమో చూచి రండు. నేను చూచిన యా కుఱ్ఱవాడు మఱునాడును అదే కార్ఖానాకు బనికి వచ్చెను. మేస్త్రీ యాతనిచేతనే దారము విప్పించి, చీలికను పొయ్యిలో వేయించెనని తరువాత వింటిని.